కిటికీ దగ్గర నా వంతు

అక్కా, నేను బాగానే ఉన్నాను. నువ్వు బెంగపడ్డట్టు చిక్కి సగమేమీ కాలేదు.

మేం నలుగురం కలిసి బొమ్మలు వేసుకునే ఈ గదికి కిటికీ ఒక్కటే. అందుకని కుళాయి దగ్గర బిందెలు పెట్టినట్టు వెలుతురుకి వంతులేసుకున్నాం. నిన్న శిల్పాలు చేసే అమ్మాయి తన వంతు కూడా నాకే ఇచ్చేసింది. "ముందు మీ నాన్న బొమ్మ పూర్తి చెయ్యి తల్లీ! ఆయనలా గుడ్లురుముతుంటే నాకు చెయ్యాడట్లేదు" అంది.

నెలాఖరుకి టైర్ల కొట్టు కింద నేలమాళిగలో మా ప్రదర్శన. బోర్డేమీ ఉండదు, తెలిసినవాళ్లే మెట్లు దిగి వస్తారు. నాన్న మీసం మాత్రం నాకు కుదరట్లేదు. ఎటువైపు ఎక్కువ తెల్లబడిందో చూసి రాయి. ఆయన్ని అడక్కు, పంతానికి తీయించేస్తారు. అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? నా పాత స్వెట్టర్ పంపు.

నాన్నా, నేను ఉద్యోగం మానేసినప్పటి నుంచి నాతో మాట్లాడకపోయినా, ఈ కార్డు అక్క చేతికిచ్చే ముందు మీరే చదువుతారని తెలుసు. మీసం తీయించుకునైనా సరే, రండి. కిటికీ దగ్గర నా వంతు పొద్దుటిపూట. కుర్చీ వేసి ఉంచుతాను. మాట్లాడక్కర్లేదు, బొమ్మకి కూర్చునేవాళ్లు ఎలాగూ మాట్లాడకూడదు.

మీ చిన్నది