గురక లేదన్నారు

మంగళగిరి, ఆదివారం

ఫిజా వాళ్ళ నాన్నకి, నసీమ్ సలాం.

ఫోన్లో మాట్లాడదామంటే నా చెవులు పనిచెయ్యవు. మెసేజ్ పెడితే మీరు "బాగున్నా" అని ఒక్క ముక్క. అందుకే ఈ ఉత్తరం, విసుక్కోకండి.

ఛాతీలో పెట్టిన మిషను రాత్రంతా నాలుక నరాన్ని తడుతూ, నాలుక గొంతుకి అడ్డం పడకుండా చూస్తుందని డాక్టరమ్మ చెప్పింది కదా. పడుకునే ముందు రిమోట్ నొక్కితేనే అది పనిచేసేది. మీ మతిమరుపు నాకు తెలియదా? మీ గదిలోనే ఉన్నాడుగా మా తమ్ముడు గౌస్ బాషా, మీరు పడుకున్నాక వాణ్ణీ ఒకసారి నొక్కమన్నాను. క్రేన్ ఎక్కే మనిషికి నిద్ర చాలకపోతే ఎట్లా?

మీ గురక నేనెప్పుడూ వినలేదు. మీ ఛాతీ మీద చెయ్యి వేసుకుని పడుకునేదాన్ని. ఊపిరి ఆగితే అరచేతికి తెలిసేది. ఇప్పుడు చెయ్యి మగ్గం మీద, మనసు మీ దగ్గర.

మీ
నసీమున్నీసా


చీమకుర్తి, శుక్రవారం

ప్రియమైన నసీమూ,

నీకన్నిటికీ భయమే! రిమోట్ రోజూ నొక్కుతున్నా. మీ తమ్ముడు పొద్దున డ్యూటీ దిగి వచ్చి, "బావా, నీ గురక లేదు, ప్రాణం హాయిగా ఉంది" అంటున్నాడు.

క్వారీలో బండలకి గొలుసు కట్టేది ఖాజావలి. వాడు కింద నుంచి చెయ్యి ఊపితే నేను పైకెత్తాలి. మొన్న మధ్యాహ్నం రెండుసార్లు ఊపాడట, నేను చూడలేదు. "ఏందన్నా, పైన కునుకు తీస్తున్నావా?" అని ఒకటే నవ్వు. ఎండ మండిపోతోంది మరి. పొద్దున లేస్తే తల పగిలిపోతోంది, అదీ ఎండే.

నీ
నాగూర్ వలి


మంగళగిరి, మంగళవారం

ఫిజా వాళ్ళ నాన్నకి,

పొద్దున లేవగానే ఎండెక్కడిదండీ? ఈ తలపోటు ఆపరేషన్‌కి ముందు ఉండేదే. మెసేజ్ పెడితే మళ్ళీ "బాగున్నా" అన్నారు. ఒళ్ళు మండింది.

గౌస్‌ని అడిగాను. నెల నుంచి నైట్ డ్యూటీ అట. మీరు పడుకోగానే బటన్ నొక్కి వెళ్ళిపోతాడట. గురక లేదన్నది వేళాకోళానికట. గదిలో ఎవరూ లేకపోతే ఇంక మీ గురక వినేదెవరు?

ఆ రిమోట్‌కి ఒకటే బటన్. మీరు నొక్కితే మిషను మొదలవుతుంది. వాడు మళ్ళీ నొక్కితే ఆగిపోతుంది! నొక్కమని చెప్పింది నేనే, నా నోరు పడిపోను. ఇంక నొక్కొద్దని వాడికి చెప్పాను. మీకూ మెసేజ్ పెట్టాను, డ్యూటీలో ఫోన్ దగ్గర ఉండనివ్వరు కదా, ఇంకా చూడలేదు. మీకు దండం పెడతాను, క్రేన్ ఎక్కకండి.

నసీమ్


చీమకుర్తి, గురువారం

నసీమూ,

నీ మెసేజ్ మంగళవారం డ్యూటీ దిగాక చూశాను. అప్పటికే అయిపోయింది.

బండ గాల్లో ఉంది. నేను కళ్ళు తెరిచేసరికి నేల మీద ఉంది. ఖాజావలి కుడికాలు మోకాలి కింద నుంచి తీసేశారు.

గొలుసు జారిందన్నారు అందరూ. కట్టింది వాడు కాబట్టి తప్పు వాడిదేనని మేనేజర్ రాసుకున్నాడు. వాడూ నమ్మి సంతకం పెట్టాడు. ఆస్పత్రికి పోతే నా చెయ్యి పట్టుకుని, "సరిగ్గా కట్టలేదన్నా, నీకు మాట తెచ్చాను, ఏమనుకోకు" అన్నాడు. నేను తల ఊపి వచ్చేశాను. తల ఊపాను నసీమూ!

గౌస్‌ని ఏమీ అనకు, నిన్ను నువ్వూ తిట్టుకోకు. కళ్ళు మూతలు పడుతున్నా క్రేన్ ఎక్కింది నేను. రేపు పొద్దున ముందు వాడి దగ్గరికి పోతాను, తర్వాత మేనేజర్ దగ్గరికి. ఈ ఉత్తరం అందేసరికి నా పని పోయి ఉంటుంది, పోలీసులూ వస్తారేమో. ఫిజాకి ఇంకెవరో చెప్పేలోగా నువ్వే చెప్పు, గొలుసు జారలేదని, వాళ్ళ నాన్న నిద్రపోయాడని.

నీ
నాగూర్ వలి