ఏడవని పునీతురాలు

అక్కా,

బాగానే ఉన్నాను. తింటున్నాను, ఆఫీసుకు వెళ్తున్నాను. ఈ ఒళ్ళు ఎవరిదో అయినట్టుంది, అంతే.

పునీతుల జీవితాలను ఈ కాలం పాఠకుల కోసం తిరగరాసే పని నడుస్తోంది. ఒక్కొక్కరికి రెండే పేజీలు, చివర్లో 'ఈమె మనకు నేర్పేది' అని చిన్న బాక్సు. ఇరవై ఏడుగురిని గట్టెక్కించాను. కూతుర్ని పోగొట్టుకున్న ఆ వితంతువు దగ్గర బండి ఆగిపోయింది. మీ మఠం అచ్చువేసిన పాత పుస్తకమే నాకు ఆధారం. 'బిడ్డను సమాధి చేసిన నాడు ఆమె కంట ఒక్క చుక్క రాలలేదు. దేవుణ్ణి స్తుతించింది' అని ఉంది అందులో. మా ఎడిటర్‌గారికి ఆ వాక్యమంటే ప్రాణం. "బాక్సులో అదే పెట్టండమ్మా. మీకంటే బాగా ఎవరు రాస్తారు చెప్పండి?" అన్నారు. మంచి మనసుతోనే అన్నారులే.

మా పాప పోయి ఏడు నెలలు. ఆ రోజు శవపేటిక పక్కన నువ్వు నా భుజం పట్టుకుని ఈ పునీతురాలి పేరే చెప్పావు. "ఆవిడలా నిలబడవే" అన్నావు. నిలబడ్డాను. ఎంత విశ్వాసమో అని అందరూ మెచ్చుకున్నారు. అక్కా, అది విశ్వాసం కాదు. నాలో ఏమీ లేదు. మా ఆయన తలుపేసుకుని వెక్కివెక్కి ఏడుస్తుంటే, పక్కగదిలో కూర్చుని ప్రూఫుల్లో కామాలు దిద్దాను. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

ఆ వాక్యం నా చేత్తో రాయలేను. సోమవారం రాజీనామా ఇచ్చేస్తాను.

నీ చెల్లెలు

బుజ్జీ,

ఆగవే, ఇవ్వకు. ఆ పుస్తకం మీద రాసినవాళ్ళ పేరు లేదు కదూ? రాసింది నేనే. మఠంలో చేరిన కొత్తలో, పెద్ద సిస్టర్‌గారి బీరువాలోని చేతిరాత ప్రతి చూసి రాశాను. ఇవాళ మళ్ళీ తీశాను. ఉన్నదున్నట్టు రాస్తున్నాను: 'ఆమె ఏడవలేదు. దేవుణ్ణీ పిలవలేదు. నలభై రోజులు పొద్దున్నే బిడ్డ దువ్వెన పట్టుకుని గడపలో కూర్చునేది. పిలిస్తే పలికేది కాదు.'

ఏడవలేదన్న మొదటి మాట ఉంచి మిగతాది కొట్టేశాను. అలా మొద్దుబారి కూర్చున్న మనిషి పునీతురాలిలా కనబడదనిపించింది. స్తుతి నా కల్పన. ఇన్నేళ్ళలో నేనే దాన్ని నమ్మేసి, చివరికి నీ బిడ్డ శవపేటిక పక్కన నీకు అంటగట్టాను. తప్పయిపోయింది తల్లీ.

నీ అక్క

అక్కా,

రాజీనామా ఇవ్వలేదు. దువ్వెన సంగతి రాశాను. "ఇందులో నేర్చుకునేదేముందమ్మా? బాక్సులో ఏం పెడతాం?" అన్నారు ఎడిటర్‌గారు. "ఖాళీగా వదిలెయ్యండి సార్" అన్నాను. నా మొహం చూసి సరేనన్నారు.

నీ మీద కోపం రావాలి. ఇంకా రాలేదు. వచ్చినప్పుడు రాస్తాను.

ఏడుపూ రాలేదు. ఇవాళ పొద్దున పాప దువ్వెన తీసుకుని గడపలో కూర్చున్నాను. కాసేపటికి మా ఆయన వచ్చి పక్కన కూర్చున్నారు. దువ్వెన పళ్ళ మధ్య ఒక వెంట్రుక ఇంకా ఉంది. ఆఫీసుకు టైమైపోయినా ఇద్దరం లేవలేదు.

నీ చెల్లెలు