తలుపులో పట్టని బండి

కూబర్ పీడీ
సోమవారం

వియ్యపురాలు లోర్నాగారికి, యోజో పెర్కోవిచ్ రాసేది.

నా కొడుకు పెళ్లికి మీరు మా ఊరొచ్చి ఆరేళ్లయింది. కారు దిగి, నా గుమ్మం ముందు నిలబడి, నలుగురూ వింటుండగా "ఇల్లెక్కడండీ?" అని అడిగారు. నేను ఆ ఇంటి తలుపుకే ఆనుకుని ఉన్నాను. గుట్టలో తొలిచిన ఇల్లయితే ఇల్లు కాదా? బయట ఎండకి కోడిగుడ్డు ఉడుకుతుంటే లోపల మేం దుప్పటి కప్పుకుంటాం. ఆ రోజు మీ మాట మింగాను. ఇంకా అరగలేదు.

అది అలా ఉంచండి. మీతో పని పడింది. నికోకి మూడేళ్లు, ఐవీకి తొమ్మిది నెలలు. ఒకదాన్ని చంకనేసుకుని, ఇంకోణ్ణి చేత్తో లాక్కుంటూ ఆ రాళ్లబాటలో నడవలేక మీ అమ్మాయి కెర్రిన్ ఇంట్లోనే ఉండిపోతోంది. మొన్న నా కొడుకు మాతేతో అంటుంటే విన్నాను. "ఇలాగైతే నావల్ల కాదు. చలికాలానికి పిల్లల్ని తీసుకుని అమ్మ దగ్గరికెళ్లిపోతా" అంది. మీకది పండగ. నాకు కాదు.

అందుకని ఇద్దర్నీ కూర్చోబెట్టి తోసుకెళ్లే బండి కొంటాను. మా ఊళ్లో ఆ దుకాణం లేదు. మీరు చూసి రాయండి. చక్రాలు మట్టి మోసే బండికున్నంత ఉండాలి. మా తలుపు నా భుజాలంత వెడల్పు. ఆదివారాలు గనుల దగ్గర పారబోసిన మట్టిగుట్టల మీద అందరం నూడ్లింగ్ చేస్తాం. బండి దానికీ పనికి రావాలి.

కెర్రిన్‌కి చెప్పకండి.

ఇట్లు,
యోజో

తా.క. ఫోన్ చెయ్యకండి. ఫోన్లో మీరు మాట్లాడితే నాకు సందు దొరకదు.


అడిలైడ్
శుక్రవారం

అన్నయ్యగారికి నమస్కారాలు.

ఆ రోజు నాకు కనిపించింది ఒక గుట్ట, దానికో తలుపు. ఇల్లెక్కడని అడగడం అంత నేరమా? ఆరేళ్లు అరక్కపోతే అది నా మాట వల్ల కాదు, డాక్టరుకి చూపించుకోండి.

బండి సంగతి. మూడు దుకాణాలు తిరిగాను. "తలుపు మా వియ్యంకుడి భుజాలంత" అంటే అమ్మే అబ్బాయి "ఆయన్ని తీసుకురండమ్మా, కొలుస్తాం" అన్నాడు. రెండు రకాలున్నాయి. ఒకటి ముందో సీటు, వెనకో సీటు. సన్నగా ఉంటుంది. కానీ నికో ముందు కూర్చుంటే, నా మనవరాలు అన్న వీపు చూస్తూ పెరగాలా? రెండోది పక్కపక్క సీట్లది. వెడల్పే గానీ దర్జాగా ఉంది. నా ఓటు దానికే.

ఒక్క మాట అడుగుతాను, కోపగించుకోకండి. మట్టిగుట్టల మీద కూర్చుని పిల్లలకి నూడుల్స్ పెడుతున్నారా? తొమ్మిది నెలల పిల్లకి కూడానా? కెర్రిన్ నాకెప్పుడూ చెప్పలేదు. సిగ్గుపడి ఉంటుంది.

ఉంటాను,
లోర్నా

తా.క. సాస్ వేస్తారా, వెయ్యరా? బండి గుడ్డ రంగు దాన్నిబట్టి చూస్తాను.


కూబర్ పీడీ
బుధవారం

వియ్యపురాలుగారికి,

సాస్ ఏమిటో నాకు తెలీదు. మేం నీళ్లే వాడతాం. నీళ్లు తగిలితేనే రంగు తెలుస్తుంది. నీళ్లు లేకపోతే నాలుకతో నాకి చూస్తాం. కెర్రిన్‌కి మొదట్లో అసహ్యంగా ఉండేది, ఇప్పుడు మా అందరికంటే తనే ముందు నాకుతుంది. నికో మొన్న మట్టిలోంచి గుప్పెడు ఏరి, నాకి, బాగున్నవి జేబులో వేసుకుని మిగతావి చెల్లెలికిచ్చాడు. వాడికి చెయ్యి తిరిగింది. మా తాతల కాలం నుంచీ ఈ ఊళ్లో నూడ్లింగ్‌లో దెబ్బలాటలే గానీ సిగ్గు లేదు.

పక్కపక్క సీట్ల బండి తలుపులో పట్టదు. మీరది కావాలనే ఎంచారని నా అనుమానం. బండి బయట, పిల్లలు లోపల ఉంటే కెర్రిన్ మీ దగ్గరికే వస్తుంది కదా. నన్ను ఏమీ తెలియనివాణ్ణి అనుకోకండి. సన్నది పంపండి.

యోజో

తా.క. పక్కింటి స్టాథిస్‌కి మీ ఉత్తరం చదివి వినిపించాను. "ఆవిడ మొగుడు ఎలా పోయాడు?" అని అడిగాడు. నేను చెప్పలేదు.


అడిలైడ్
మంగళవారం

పెర్కోవిచ్‌గారికి,

అన్నయ్యగారూ అని రాయడానికి చెయ్యి రావడం లేదు. మట్టిలో పడ్డవి ఏరుకుని నాకుతారా! నా కూతురు అందరికంటే ముందా! దాన్ని కంచంలో తినేలా పెంచాను నేను. కత్తీ ఫోర్కూ పట్టించి పెంచాను. పసిదానికి ఎంగిలివి పెడితే "చెయ్యి తిరిగింది" అని మురుస్తారా?

అనుమానపడ్డారు గనక చెబుతున్నాను. పక్కపక్క సీట్ల బండే కొన్నాను. దుకాణంలో ఉన్నవాటిలో అన్నిటికంటే వెడల్పైనదే కొన్నాను. ఇద్దరి ముందూ పొడుగాటి పళ్లెం ఉంది, అంచు కట్టి, కడగడానికి వీలుగా. పిల్లలు మనుషుల్లా పళ్లెంలో తిననివ్వండి. బస్సులో వేసేశాను, వచ్చి తీసుకోండి.

వచ్చే నెల మొదటి శనివారం నేనే వస్తున్నాను. కెర్రిన్‌నీ పిల్లల్నీ తీసుకుపోతాను. ఇది ఖాయం.

లోర్నా పెటిగ్రూ

తా.క. స్టాథిస్‌గారికి చెప్పండి, మావారు గుండెపోటుతో పోయారు. నా చేతుల్లో కాదు.


కూబర్ పీడీ
ఆదివారం

చెల్లెమ్మా,

మీరు నన్నేమన్నా సరే, చెల్లెమ్మా అనే రాస్తాను, ఎందుకంటే ఇవాళ గెలిచింది నేను.

మీ ఉత్తరం కెర్రిన్‌కి ఇచ్చాను. ఇక దాచి లాభం లేదు. చదివి, నేల మీద కూలబడి నవ్వింది. "మామయ్యా, అమ్మ నూడుల్స్ అనుకుంది!" అంటుంది, మళ్లీ పొట్ట పట్టుకుంటుంది. చెల్లెమ్మా, నూడ్లింగ్ తినేది కాదు. గనిలోంచి పోసిన మట్టిలో ఓపల్ అనే రంగురాళ్ల తునకలు వెతకడం. దుమ్ము పట్టిన రాయిని నాకితే రంగు తేలుతుంది. ఐవీ నోట్లో ఏదీ పోనివ్వం, నికో ఇచ్చినవి వెంటనే తీసేసుకుని, దాని పిడికిలంత రాయి చేతిలో పెడతాం.

ఇక బండి. వచ్చింది. తలుపు దగ్గర ఇరుక్కుంది. మా మాతే చూసి "నాన్నా, వెనక్కి పంపేద్దాం" అన్నాడు. స్టాథిస్ వాడి గుమ్మంలో కాఫీ తాగుతూ "చక్రాలు ఊడదీసి సంచిలా మోసుకెళ్లవయ్యా" అని ఎగతాళి.

"నోర్మూసుకోండి ఇద్దరూ" అన్నాను. "ఈ ఊళ్లో తలుపుకి సరిపడా బండి కొంటామా, బండికి సరిపడా తలుపు తవ్వుతామా?"

లోపలికెళ్లి డ్రిల్లు తెచ్చాను. కొడుకు వద్దంటున్నా విన్లేదు. మధ్యాహ్నానికి తలుపు చట్రం ఊడింది, సాయంత్రానికి గోడ ఒక పక్క వెనక్కి జరిగింది. మా ఇసుకరాయి మంచిది, అడిగితే ఇస్తుంది. ఇవాళ పొద్దున కెర్రిన్ ఇద్దర్నీ కూర్చోబెట్టి, ఒక్కసారి కూడా అంచు తగలకుండా బయటికి తోసుకొచ్చింది. రాళ్లబాట మీద చక్రాలు ఏనుగులా నడిచాయి. నికో రాజుగారిలా చెయ్యి ఊపాడు. పోస్టాఫీసు దగ్గర జనం ఆగి చూశారు. వెనక నడిచింది నేనే. ఛాతీ ఎంత విరిచానో మీరు చూడాల్సింది. తిరిగొచ్చేటప్పుడు కెర్రిన్ పాట పాడుకుంటూ వచ్చింది. పిల్ల పాడగా విని ఏడాదయింది.

అక్కణ్ణుంచి తిన్నగా గుట్టల దగ్గరికే పోయాం. మీ పళ్లెం ఉందే, అది నూడ్లింగ్‌కే పుట్టింది. అంచు కట్టి ఉంది గనక తునక జారదు, కడిగితే మెరుస్తుంది. ఊళ్లో ఆడవాళ్లు ఎక్కడ కొన్నావని కెర్రిన్ని అడుగుతున్నారు. మీరు ఎంచింది సరైనదే. ఈ మాట ఇంకోసారి రాయను.

"మరి చలికాలానికి అమ్మ దగ్గరికి వెళ్తావా తల్లీ?" అని అడిగాను.

"ఈ బండి వేసుకుని నేనెక్కడికెళ్తాను మామయ్యా? అమ్మ ఇంటి తలుపులో పట్టదు ఇది!" అంది.

అదీ సంగతి. శనివారం మీరు తప్పకుండా రండి. తీసుకుపోవడానికి కాదు, ఉండిపోవడానికి. డ్రిల్లు చేతిలో ఉండగానే తలుపు పక్కన ఇంకాస్త లోపలికి పోయాను. మంచం, బీరువా పట్టే గది అయింది. అది మీది. కిటికీ ఉండదు, ముందే చెబుతున్నా.

మీ అన్నయ్య,
యోజో

తా.క. ఇంకో సంగతి. కెర్రిన్ మీ దగ్గరికొస్తానన్నది ఊరికే కాదట. అక్టోబరుకి మూడోది వస్తోంది! ఇవాళ పొద్దునే చెప్పింది, మాతే ఇంకా నేల మీదకి దిగలేదు. కాబట్టి ముగ్గురు పట్టే బండి ఉందేమో మళ్లీ ఆ దుకాణాలన్నీ తిరగండి. పక్కపక్క సీట్లదే చూడండి, ఎవరూ ఎవరి వీపూ చూడనక్కర్లేదు. కొలతలు మీ ఇష్టం, గోడ నాది. ఇరవై ఎనిమిదో తారీఖు లోపు జవాబు రాయండి. ఆ రోజే డ్రిల్లు మొదలుపెడతాను, తర్వాత చెబితే మళ్లీ తవ్వను.