అయిదు ప్లస్సులు

బావా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఈ మధ్య మన భవాని తిరువళ్ళూరు కాలేజీకి వెళ్ళడం మానేసింది. నువ్వు నేర్పిన కంప్యూటర్ చదువు ఇంక తన వల్ల కాదంది. నేనెంత బతిమాలినా వినలేదు.

మధ్యాహ్నం నీ తిథి భోజనాలయ్యాక, దాని క్లాసులోనే చదివే ఎదురింటి మల్లిక తను రాసిన ప్రోగ్రాం పట్టుకుని వచ్చింది.

"‘ఏ’కీ ‘బీ’కీ నడాన అయిదు ప్లస్సులు పెట్టినా. రెండు, ఒకటి, రెండు అని విడదీస్తే సరిపోతాది గదా! కంప్యూటర్ తప్పంటా ఉండాదే, ఏన్, ఎందుకని?"

భవాని లోపలికి వెళ్ళి నీ ల్యాప్‌టాప్ తెచ్చి తెరిచింది.

"కంపైలర్ కంటే ముందు ప్రోగ్రాం చదివే ప్రీప్రాసెసర్ అర్థం చూడదే. ఎడమ నుంచి చదువుకుంటా, ఎంత పొడుగు ముక్క దొరికితే అంత తుంచుకుంటాది. ముందు రెండు ప్లస్సులు ఒక ముక్క, మళ్ళా రెండు ఒక ముక్క, మిగిలేది ఒకటి. ఆ వరస కంపైలర్‌కి ఒప్పదు. నువ్వే నడాన ఎడం ఇడిచి రాయి."

మల్లిక అట్లాగే రాసింది. ఈసారి ల్యాప్‌టాప్ తప్పు చూపించలేదు.

"సూపర్‌డీ! ఎవురు చెప్పినారు నీకు?"

"మా నాయన," అంది భవాని. నువ్వు పోయాక దాని నోట నీ మాట రావడం ఇదే మొదలు.

సాయంత్రం వంటింటి గడప దగ్గర నిలబడి, "అమ్మా, రేపు పొద్దున రైలుకి కాలేజీకి పోతా" అంది.

నువ్వుంటే సంబరపడిపోయి ఇంకో చిక్కు ప్రశ్న ఇచ్చేవాడివి. నాకు అవి రావు. అటక మీది దాని టిఫిన్ డబ్బా దించి తోమి పెట్టాను. పొద్దున పులిహోర కలుపుతాను.