తాంబూలం కిళ్లీ కాదు

ఫిబ్రవరి 3, సోమవారం. మధ్యాహ్నం 2

శ్రీకాకుళంలో గుండె డాక్టరుకి చూపించుకుని వచ్చాను. మా ఆవిడ చిన్నతల్లి పోరు పడలేక వెళ్లాను. అన్నయ్య యాభై రెండేళ్లకే గుండెపోటుతో పోయాడు. ఈ నెలలో నాకూ యాభై రెండు నిండుతాయి. పెళ్లాం భయం పెళ్లాంది.

కొలెస్ట్రాల్ భేషుగ్గా ఉందట. లేవబోయాను. కూర్చోమన్నాడు. సీఆర్‌పీ అనేది ఎక్కువగా ఉందట, అంటే ఒంట్లో ఎక్కడో వాపు ఉన్నట్టు. నోరు తెరవమన్నాడు. చిగుళ్లు చూసి తల పట్టుకున్నాడు.

నాకు అర్థమైంది ఇదీ: రోగాల్ని తరమాల్సిన రక్షక కణాలు నా చిగుళ్ల దగ్గర రాత్రింబవళ్లు కొట్లాడుతున్నాయి. ఆ వేడి రక్తంలో పడి, గుండె నాళాల్లో పేరుకున్న కొవ్వునీ రేపుతుంది. అది పగిలితే నెత్తురు గడ్డకట్టి గుండెపోటు. "పళ్లొక్కటే కారణమని అనను. కానీ ఇది నీ చేతిలో ఉన్న పని" అన్నాడు.

తీర్మానం, శ్రీకూర్మం గుళ్లో హోళీనాటి డోలోత్సవం దాకా:
రెండు పూటలా బ్రష్.
ఉప్పునీళ్లు పుక్కిలింత.
పళ్ల డాక్టరు.
కిళ్లీ బంద్. (ఇప్పుడు రోజుకి ఆరు.)

ఫిబ్రవరి 4. రాత్రి

పొద్దున్న నాలుగు నిమిషాలు తోమాను. కిళ్లీ కొట్టు ముందు నుంచి తల తిప్పకుండా నడిచాను. కోపం వచ్చిందనుకున్నాడు పాపం కొట్టువాడు.

రాత్రి మళ్లీ తోముతుంటే చిన్నతల్లి, "పెళ్లికొడుకులాగ తయారవుతన్నావు మావా, ఏటి సంగతి?" అంది. ఎంత హాయిగా ఉందో!

ఫిబ్రవరి 7

రాజాంలో పెళ్లి. నా సన్నాయి, బావమరిది నూకయ్య డోలు. తాళి కట్టగానే పెళ్లికూతురి తండ్రి తాంబూలం చేతిలో పెట్టాడు. శుభకార్యంలో తాంబూలం వద్దనకూడదు. మా వంశంలో ఎవరూ అనలేదు. నూకయ్యకి ఇవ్వబోయాను.

"రెండు తింటే నోరు పొక్కుతాది బావా. నీది నువ్వేసుకో."

వేసుకున్నాను. తాంబూలం కిళ్లీ కాదు. కిళ్లీ మనం కొనుక్కునేది, తాంబూలం ఇంకొకరు ఇచ్చేది. రాసిపెడుతున్నాను.

ఫిబ్రవరి 14

రెండు రోజుల్లో మూడు పెళ్లిళ్లు. తాంబూలాలు తొమ్మిది. వియ్యాలవారు కూడా ఇచ్చారు. వాళ్లని చిన్నబుచ్చగలమా?

బ్రష్ రాజాంలో మర్చిపోయాను. ఉప్పునీళ్లు, సరే.

పళ్ల డాక్టరు పెళ్లిళ్లయ్యాక. కింది ముందు పన్ను కదులుతోంది. అది పీకేస్తే గాలి పోతుంది, సన్నాయి పలకదు. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఫిబ్రవరి 20. సాయంత్రం

ఇవాళ పెళ్లి లేదు. తాంబూలమూ లేదు. నూకయ్య కిళ్లీ కొనిపెట్టాడు. ఇంకొకరు ఇచ్చేది తాంబూలమని పైన నేనే రాశాను.

నాలుగు ఇచ్చాడు.

ఫిబ్రవరి 23, ఆదివారం

డోలోత్సవానికి సాధన చేశాను. తర్వాత చిన్నతల్లి సన్నాయి తుడుస్తూ, నోట్లో పెట్టుకునే రెల్లు పీకని వెలుతురులో పట్టుకుని చూసింది. ఎర్రగా ఉంది.

"కిళ్లీ" అన్నాను.

"పొద్దుట్నుంచి నువ్వు కిళ్లీ ముట్టలేదు. నేను సూస్తన్నాను." పీక నా చేతిలో పెట్టింది. "మీ అన్న సన్నాయి పీక కూడా ఇలాగే ఉండీది మావా. కిళ్లీ రంగనుకునీదాన్ని, నెత్తురనుకోలేదు."

రాత్రి అన్నం సగంలో లేచాను. భయమేసింది. పన్ను పోతుందని ఇన్నాళ్లూ దాక్కున్నాను. మనిషే పోతే సన్నాయి ఎవరు ఊదుతారు?

ఫిబ్రవరి 24

పళ్ల డాక్టరు ఝాన్సీగారు. చిన్నతల్లి పక్కనే నిలబడింది, నేను పారిపోకుండా.

"పీకేస్తారా అమ్మా?"

"ఇప్పుడెందుకు? శుభ్రం చేసి వాపు తగ్గనిద్దాం. పన్ను నిలబడొచ్చు. కిళ్లీలు మానకపోతే మాత్రం నా అవసరం లేకుండా అదే ఊడిపోతాది."

ఇంత చిన్న మాట కోసం మూడు వారాలు భయపడ్డాను. గంటసేపు గీకారు. మళ్లీ వచ్చే సోమవారం రమ్మన్నారు.

బయటికి రాగానే, పక్కవాటాలోనే ఉండే ఝాన్సీగారి అమ్మ ఆపింది. "సన్నాయి జగన్నాధం నువ్వేనా? మా చిన్నమ్మాయి పెళ్లికి మేళం నీదే." తాంబూలం పెట్టకుండా మేళం మాట్లాడకూడదట. పళ్లెంలో ఆకులు, వక్కచెక్కలు పెట్టి నా ముందుకి జరిపింది. వెనక తలుపులో ఝాన్సీగారు నిలబడి ఉన్నారు. నా చెయ్యి సగం దాకా వెళ్లి ఆగిపోయింది.

చిన్నతల్లి కొంగు పట్టింది. "ఇలాగియ్యండమ్మా. మేళం తాంబూలాలు ఇకమీద నేనే పుచ్చుకుంతాను."

రాత్రి 8

మొదటి రోజు.
బ్రష్ చేశాను. ఉప్పునీళ్లు పుక్కిలించాను.
ఆకులు దేవుడి దగ్గర ఉన్నాయి. చెక్కలు పెట్టెలో, తాళంచెవి ఆవిడ మెళ్లో.
తాంబూలం కూడా కిళ్లీయే. రాసిపెడుతున్నాను.