ఫోర్‌మన్ రిటైరయ్యేలోపు

1966 జూలై, శనివారం
ట్రాఫిక్ రైల్వే కాలనీ, ఖరగ్‌పూర్

నా చేతుల వణుకు తాగుడు వల్ల కాదని ఈరోజు డాక్టరు తేల్చాడు. మెడలో థైరాయిడ్ అనే గ్రంథి అతిగా పనిచేస్తోందట. గుండెదడ, చెమటలు, ఎంత తిన్నా చిక్కిపోవడం, అన్నీ దానివల్లేనట.

వినగానే నాకు మా రైల్వే వర్క్‌షాపు ఫోర్‌మన్ ముఖం గుర్తొచ్చింది. ఇనుము చెక్కే లేతు మిషను మీద నా చేయి వణికిన రోజున అందరి ముందూ నా నోరు వాసన చూసి, "పొద్దున్నే తాగొచ్చినావేటిరా?" అన్నాడు. లేతు మీంచి తీసేసి చీపురిచ్చాడు. ఇప్పటికీ ఇనుపరజను ఊడుస్తున్నాను.

డాక్టరు మూడు దారులు చెప్పాడు. ఏడాదికి పైగా మాత్రలు మింగడం. లేదా కలకత్తా వెళ్లి రేడియో అయోడిన్ అనే మందు తాగడం, దాని గుణం నిదానంగా తెలుస్తుందట. లేదా కొన్ని వారాలు మాత్రలతో గ్రంథిని శాంతింపజేసి ఆపరేషన్ చేయడం.

"మాత్రలే మేలు, తొందరేముంది?" అన్నాడు.

తొందర నాకుంది. దుర్గాపూజలు కాగానే ఫోర్‌మన్ రిటైరవుతాడు. ఆపరేషనే చేయమన్నాను.

ఇంటికొచ్చి చెబితే నా భార్య నరసమ్మ గరిటె కింద పెట్టేసింది. "ఆడి మీద కోపానికి నీ పీక కోయించుకుంటావేటి?"

"ఆడు సూస్తుండగా నేను లేతెక్కాల."

"బల్ల మీంచి నువ్వు లేవకపోతే ఆడికేటి పోయింది? పోయీది నాకు."

ఆమె అన్నది నిజమే. గొంతు దగ్గర కత్తి అంటే నాకూ భయంగానే ఉంది. కానీ మాత్రలతో నిదానంగా కోలుకునేసరికి ఫోర్‌మన్ కుర్చీలో ఇంకెవరో ఉంటారు. ఆ ఇంకెవరి ముందో బాగుపడి నేనేం చేసుకోను...