గుట్ట ఎక్కే బండ్ల దారి

తమ్ముడూ నర్సింలూ,

ఈరోజు నీ సంవత్సరీకం. నీకిష్టమైనవన్నీ పెట్టాను, కల్లు తప్ప. కోప్పడకు.

యాదగిరి దొరికాడు. సాఫ్ట్‌వేర్ పిల్లలకు మొయినాబాద్‌లో ప్లాట్లు అమ్మి, ఆదివారాలు వాళ్లను మోటారుసైకిళ్ల మీద మన గుట్టకు వేటకు తెచ్చే యాదగిరే. వాళ్ల వేటలో నీ తొడకు గుండు తగిలితే, కేసవుతుందని భయపడి, నువ్వు పిలుస్తున్నా వినకుండా బండెక్కి పోయినవాడు. చేవెళ్ల దవాఖాన అరగంట దారి. ఆ రోజు వాడి వెనక సీటు ఖాళీగానే ఉంది.

పొద్దున మళ్లీ వచ్చారు. బండ్లు గుట్ట ఎక్కడానికి నువ్వు రాళ్లు ఏరి చేసిన దారి తప్ప ఇంకోటి లేదు కదా. చప్పుడు పైకి పోగానే ఫారెస్టు వాళ్లకు ఫోన్ చేసి, ఆ దారి నిండా తుమ్మకంప పరిచాను. చేతులు నెత్తురయ్యాయి. రామనామం మాత్రం ఆపలేదు.

దిగేటప్పుడు ముందొచ్చిన యాదగిరి బండి ముళ్లలో పడింది. ఫారెస్టు వాళ్లు వచ్చి వాడి సంచి విప్పితే రెండు నెమళ్లు దొరికాయి. వాడి కాలు వాచిపోయింది.

"అక్కా, నడువనీకె వస్తలేదు. జర మీ పిలగాని బండి ఇప్పియ్యే, నీ కాళ్లు మొక్కుత!"

"బండి ఉన్నది. నేనియ్య," అన్నాను, మెల్లగానే. "మా నర్సింలు సుత గిట్లనే అడిగిండు గదా?"

ఫారెస్టు వాళ్ల జీపు గుట్ట కిందే ఆగింది. అక్కడిదాకా కుంటుతూ, మూలుగుతూ నడిచాడు. నేను వెనకే నడుస్తూ ప్రతి మూలుగూ విన్నాను.

ఇంటికొచ్చి తలస్నానం చేసి దేవుడి ముందు కూర్చున్నాను. క్షమించమని అడగబుద్ధి కాలేదు.

నీ అక్క